రూతును చావనివ్వని కూడిక

మలికిపురంలో వరప్రసాదం మాస్టారు రిటైరైన దగ్గర్నుంచీ ఒకే నవల రాస్తున్నారు. అందులో కథానాయిక రూతు చచ్చిపోవాలి. కలం పట్టకముందే ఆయన తేల్చుకున్న సంగతి అదొక్కటే. రూతు ఊరు, ఆమె తండ్రి చేసే కూలిపని, వెనకాలే తిరిగే తమ్ముడు, అన్నీ ఆ తర్వాత అమర్చుకున్నవే.

ఎందుకు చావాలంటే, మాస్టారి అక్క సువార్త అలాగే పోయింది. పదహారేళ్ళ పిల్ల. అప్పటికి ఈయన పదేళ్ళవాడు. జ్వరం ముదిరి మాట పడిపోతే, నాన్న మంచం మీద వేయించి సఖినేటిపల్లి రేవుకి మోయించుకెళ్ళాడు. ఆసుపత్రి అవతలి ఒడ్డున ఉంది. గోదారి వరద మీద ఉండటంతో జనాన్ని దాటించే పంటు కట్టేశారు. సాయంత్రానికి అక్క రేవులోనే పోయింది. ఆ తర్వాత ఇంట్లో ఎవరూ ఆమె మాట ఎత్తలేదు. ఆ రేవు గురించి చదివి జనం ఒక్కసారైనా ఏడవాలని మాస్టారి పంతం. నవలంతా ఆ ఒక్క ఘట్టం కోసమే.

ఆ పంతాన్ని చెడగొట్టింది ఆయన నోటి దురదే. ప్రతి శుక్రవారం వాళ్ళింట్లో స్త్రీల ప్రార్థన కూడిక జరుగుతుంది. పాటలు మొదలెట్టేలోగా, టీ తాగుతున్న ఆడవాళ్ళకి ఒక అధ్యాయం చదివి వినిపించడం మాస్టారు అలవాటు చేసుకున్నారు. వినేవాళ్ళు దొరికితే ఏ రచయిత మాత్రం ఊరుకుంటాడు? ఆ వారం రూతుకి జ్వరం వచ్చిన అధ్యాయం చదివి, పంటు కట్టేసిన రేవుకి మంచం చేరిన చోట కావాలనే ఆపారు. మళ్ళీ వారం దాకా కొట్టుకుచావండి అని ఆయన సరదా.

కూడిక చివర ఆయన భార్య ప్రసన్నకుమారి ఎప్పటిలాగే, "ప్రార్థన అవసరతలు ఏవైనా ఉంటే చెప్పండమ్మా" అంది. ఒకావిడ కొడుకు ఉద్యోగం అంది, ఇంకొకావిడ మోకాళ్ళు అంది. గోడవారగా కూర్చున్న జ్ఞానమ్మగారు, "ఆ రూతు గురించి కూడా చేద్దామండీ. పంటు కూడా లేదంట పాపం" అన్నారు. అందరూ "ఆయ్" అని కళ్ళు మూసుకున్నారు.

లోపలి గదిలో మాస్టారికి ముందు నవ్వొచ్చింది, తర్వాత ఒళ్ళు మండింది. ఆమెన్ అనేదాకా ఆగి గుమ్మంలోకి వచ్చారు.

"అది కథండీ! అసలా మనిషే లేదు!"

"తెలుసండీ" అన్నారు జ్ఞానమ్మగారు తాపీగా. "రాసేది మీరే కదండీ. మీ మనసు మారాలనే చేసేం."

ఇంక ఆ వారమంతా మాస్టారికి వీధిలో నడవడానికి లేకపోయింది. చర్చి మొహం ఎరగని కొబ్బరికాయల త్రిమూర్తులు కూడా సైకిలాపి, "మేస్టారండీ, ఆ పిల్లకెలాగుందండీ?" అని అడిగాడు. మాస్టారు ఇంటికొచ్చి, తలుపేసుకుని, పళ్ళు బిగించి రూతు చావు రాసేశారు. బాగా వచ్చింది. రాస్తున్నంతసేపూ ఏడ్చారు.

శుక్రవారం ఆ కాగితాలు పట్టుకుని హాల్లోకి వచ్చేసరికి టీ కప్పులు పళ్ళెంలోనే ఉన్నాయి. ఎవరూ ముట్టుకోలేదు.

"తాగరేం?"

"ఉపోషం ఉన్నామండీ, రూతు కోసం" అన్నారు జ్ఞానమ్మగారు. ఆవిడకి షుగరు. పెదాలు ఎండిపోయి ఉన్నాయి.

మాస్టారికి పట్టరాని ఉక్రోషం వచ్చింది. ఆ రోజు రేవులో అక్క మంచం పక్కన నిలబడ్డానికి నలుగురు లేరు. ఈ కాగితం మీది పిల్లకి ఇంతమందా? అరుద్దామని నోరు తెరిచారు. జ్ఞానమ్మగారి మొహం చూసి అరవలేకపోయారు. కాగితాలు మడిచేసి, నోటికొచ్చింది చెప్పారు. ఎవడో చేపల పడవవాడు తెగించాడు, రూతుని దాటించాడు, రూతు బతికింది. అంతే.

"స్తోత్రం!" అన్నారు ఆడవాళ్ళంతా. ప్రసన్నకుమారి చల్లారిన టీ మళ్ళీ వేడిచేసి తెచ్చింది.

ఆ రోజు నుంచీ మాస్టారి కలం నుంచి ఒక్క వాక్యం పడితే ఒట్టు. ఫ్యాను చప్పుడన్నారు, కలం బాగాలేదన్నారు, కూరలో ఉప్పు లేదని కంచం తోసేశారు. చూసి చూసి ప్రసన్నకుమారికి విసుగొచ్చింది.

"ఏవండీ, బతికింది కదా, ఇంకేటండీ బాధ? చదివించండి. టీచరుజ్జోగం ఇప్పించండి. పెళ్ళి చేయండి."

"ఇప్పిస్తాను. ఉద్యోగంలో చేరి మొదటిసారి సెలవులకి ఇంటికొచ్చింది. గుమ్మంలో తమ్ముడున్నాడు. వాణ్ణేమని పిలుస్తుంది? ఒరేయ్ అంటుందా? మీసాలొచ్చాయని పేరు పెట్టి పిలుస్తుందా? ఏదో ఒకటి మాట్లాడాలి కదా!" మాస్టారి గొంతు పెద్దదైంది. "మీరంతా కలిసి దాన్ని బతికించేశారు. అదేం మాట్లాడుతుందో నాకెలా తెలుస్తుంది? నేను పెద్దవాణ్ణయ్యాక మా అక్క నాతో ఒక్క మాటైనా మాట్లాడిందా?"