కొండకు కనిపించే అంకెలు

మా పేట వాటర్ ట్యాంకుకు ఏ రంగు వెయ్యాలో చెప్పమని వార్డు ఆఫీసులో మీటింగ్ పెడితే, నేను నాలుగు పేజీలు రాసుకుని వెళ్ళాను. ముప్ఫై ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరైనవాడికి మళ్ళీ నలుగురు వినేవాళ్ళు దొరకడమే అపురూపం. మీగడ రంగు గొప్పతనం మీద నా ఉపన్యాసం రెండో పేజీలోనే నీరుగారిపోయింది. ఈలోగా పసుపంటే ఒకాయన లేచాడు, నీలమంటే ఇంకొకాయన. మన దగ్గర ఏ రంగు వెనకైనా ఒక పార్టీ ఉంటుంది మరి. చివరికి ఏ పార్టీకీ పనికిరాని నా మీగడ రంగే గెలిచింది.

అప్పుడు వెనక బెంచీలోంచి మా ఇంటికి ఇడ్లీ పిండి పోసే ఆవిడ లేచింది. కొండ మీద దాదాపు ఆఖరి వరసలో ఉంటుంది ఆవిడ ఇల్లు.

"రంగు మీ ఇష్టమండీ. అంకెలు మాత్రం చెరపొద్దు."

"ఏం అంకెలమ్మా?" అన్నాను.

"అదేంటి మాస్టారూ, ట్యాంకు కిందే కాపురముంటూ చూళ్ళేదా?"

అందరం కిటికీలోంచి తలలు బయటికి పెట్టి చూశాం. ట్యాంకు గోడ మీద వెలిసిపోయిన అంకెలు, పక్కనే తాడుకు వేలాడుతూ ఇనప గుండు. లోపల నీళ్ళెంత ఉన్నాయో ఆ గుండే చెబుతుందట. ఆరో అంకెకి వస్తేనే కొండ లైను వాల్వు తిప్పుతారట. ఆవిడ గుమ్మంలోంచి గుండు చూసుకుని, అప్పుడు బిందెలతో నూట పన్నెండు మెట్లు దిగి కుళాయి దగ్గరికొస్తుంది.

"అంకెలు పోతే ఊరికే దిగి ఊరికే ఎక్కాలండీ. ఈ మోకాళ్ళతో రెండుసార్లు దిగానంటే ఆ రోజు పిండి లేనట్టే."

ఎస్టిమేట్‌లో రంగుంది గానీ అంకెల్లేవన్నారు ఇంజనీరుగారు. నేను "అది కాదండీ..." అంటూ నీళ్ళు నమిలాను. ఇంటికొచ్చాక సిగ్గేసింది. మర్నాడే రంగంలోకి దిగాను. మూడు రోజులు ఆఫీసు తెరిచే వేళకల్లా వెళ్ళి ఇంజనీరుగారి ఎదురుగా కూర్చున్నాను.

నాలుగో రోజు ఆయనే అడిగారు. "మాస్టారూ, మీరొచ్చేది టీ కోసమా, పని కోసమా?"

"రెండూ అయ్యేదాకా కదలనండీ."

ఆయన నవ్వి, అంకెలెలా ఉండాలో గీసివ్వండి, పెయింటరుతో వేయిస్తానన్నారు. స్కేలు పెట్టి మరీ గీశాను. కింద సున్నా, పైన పది. పెయింటరు అచ్చం అలాగే దించాడు.

మర్నాడు పొద్దున్నే ఆవిడ ఖాళీ బిందెలతో మా గేటు ముందుంది.

"ఎవరండీ ఇట్లా రాయించింది? ట్యాంకు నిండేకొద్దీ గుండు కిందికి దిగుద్ది. మీరేమో కింద సున్నా పెట్టించారు. కొత్త అంకెలు గదా, ఆరుందని నమ్మి దిగా. కుళాయిలో చుక్క లేదు."

లోపల తేలే డబ్బా పైకి లేస్తే, కప్పీ మీదుగా తాడుకు ఇవతలున్న గుండు దిగదూ? లెక్కలు చెప్పిన బుర్రకు ఆ మాత్రం తట్టలేదు. పరుగెత్తాను. పరంజా విప్పుతున్నారు.

"మీరు గీసిచ్చిందేగా సార్!" అన్నాడు పెయింటరు.

"తప్పు నాదే. దిద్దేదాకా విప్పనివ్వను." ఇంట్లోంచి కుర్చీ తెచ్చి పరంజా కిందే వేసుకున్నాను.

"రంగు మీద పడుద్ది సార్."

"నేను కోరిన రంగేగా, పడనీ."

ఈసారి గీసే పని నాకివ్వలేదు. ఆవిడ కొండ మీద గుమ్మంలో నిలబడి ఫోన్లో చెప్పడం, నేను కిందనుంచి అరవడం, పెయింటరు రాయడం. పైన సున్నా, కింద పది.

"ఆరు ఎనిమిదిలా ఉందండీ, పొట్ట తగ్గించమనండి."

తగ్గించాడు.

"గీత ఇంకాస్త లావుగా... ఆఁ, ఇప్పుడు కనపడుతోంది. మీరింకేం ముట్టుకోకండి మాస్టారూ."

మర్నాడు తెల్లవారగానే వెళ్ళి కుళాయి దగ్గర నిలబడ్డాను. గుండు నాలుగు దగ్గరుంది. ఆవిడ గుమ్మంలోకొచ్చి, ట్యాంకు వైపు చూసి, లోపలికెళ్ళిపోయింది. ఐదు. మెట్ల మీద ఎవరూ లేరు. గుండు ఆరుని తాకాక, చంకనొక బిందె, చేత్తో ఒక బిందె పట్టుకుని నెమ్మదిగా దిగడం మొదలుపెట్టింది. ఆఖరి మెట్టు దిగేసరికి కుళాయి గురగురమంది.