నా మంచానికి నేనే బేరమాడాను

ఆ పొద్దున కట్టుకున్న లుంగీ జారిపోయింది. మళ్ళీ కట్టాను, మళ్ళీ జారింది. తమిళనాడు గుడియాత్తంలో పెళ్ళికి ముందు నుంచీ లుంగీలమ్మేవాడికి లుంగీ నిలవకపోవడమేమిటని నవ్వొచ్చింది. ఎడమచేతి వేళ్ళు గుడ్డను పట్టుకోవడం లేదని తెలియడానికి కాసేపు పట్టింది.

"నాయనా, నోరేంది అట్ల పక్కకు పోతాండాది?" అంది నా కూతురు రేవతి.

"నిన్ను ఎక్కిరిస్తాండాలే," అన్నాను. మాట ముద్దగా వచ్చింది.

ముందే చెబుతున్నాను, నేను ఐదో తరగతితో బడికి దండం పెట్టినవాణ్ణి, అదీ అరవ బడికి. తెలుగు అక్షరాలు చిత్తూరు, పలమనేరు బస్సుల బోర్డులు చూసి నేర్చుకున్నాను. తప్పులుంటే ఆ బస్సులవాళ్ళను అడగండి.

మా అక్క రాజమ్మ వచ్చి ఇది వాయువు అంది. నూనె కాచి మధ్యాహ్నం దాకా రుద్దింది. కాలు కూడా మొరాయించాక కారు మాట్లాడి వేలూరు పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. సీటీ స్కాన్ తీసి ఇస్కీమిక్ స్ట్రోక్ అన్నారు.

"క్లాట్ కరిగించే ఇంజెక్షన్‌కు టైమ్ దాటిపోయింది. పొద్దున్నే వచ్చుంటే వేసేవాళ్ళం," అంది డాక్టరమ్మ.

"నూనె మాత్రం బాగా పట్టిందమ్మా," అన్నాను. ఆమె నవ్వలేదు.

"ఈ మూడు నెలలూ ముఖ్యం. ఫిజియోథెరపీ రోజూ రెండు పూటలా జరగాలి. మానేస్తే చెయ్యి బిగుసుకుపోతుంది."

రెండు పూటలా ఎవరు చేయిస్తారు? నా భార్య పోయి చాలా కాలమైంది. ఇంట్లో నేను, రేవతి, అంతే. తను ఆంబూరు దగ్గర షూ ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. తెల్లారకముందే కంపెనీ బస్సెక్కితే చీకటి పడ్డాకే దిగడం. కుట్టు మిషన్ మీద నడుము వంచీ వంచీ ఆ మధ్యనే లైన్ సూపర్‌వైజర్ అయింది. వదిలితే ఆ చోటు మళ్ళీ రాదు.

"పని మానేస్తా నాయనా."

"నువ్వు పని మానేస్తే నేను మాత్రలు మానేస్తా. నన్ను యాదన్నా హోమ్‌లో చేర్చు."

అక్క పెట్టిన శోకం వార్డంతా విన్నది. "కడుపున పుట్టిన బిడ్డ ఉండంగా హోమా? ఊర్లో తలెత్తుకోని ఎట్ల తిరగాలప్పా?"

"నా తలే నిలవడం ల్యా. నీ తల సంగతి తర్వాత చూస్తాంలే అక్కా."

కనియంబాడి దారిలో ఫిజియోథెరపిస్టు ఉండే హోమ్ ఒకటి ఉందని ఆస్పత్రిలోనే ఎవరో చెప్పారు. డిశ్చార్జ్ అయిన రోజే చక్రాల కుర్చీలో నేనూ పోయాను. మేనేజరు నా తల మీదుగా రేవతితో మాట్లాడాడు.

"పెద్దాయనకు నెనవుండాదా, తెలివిలోనే ఉండాడా? మాట్లాడితే తెలుస్తాదా?"

"తెలుస్తాది సార్. మీరు మూడు నెలల అడ్వాన్సు అడగబోతాండారని గూడా తెలుస్తాది," అన్నాను.

సరిగ్గా అదే అడిగాడు. నెలనెలా కడతానన్నాను. నడుమలో పోతే మిగిలింది వెనక్కి ఇవ్వాలన్నాను.

"ఇది హోమ్ సార్, బట్టలంగడి కాదు."

"బట్టలంగట్లో అయితే విప్పి చూపిస్తారు. మీరు రూమన్నా చూపించండి."

చూపించాడు. బాత్రూంలో పట్టుకోడానికి కమ్మీ లేదు. అది బిగించేదాకా చేరనన్నాను. చివరికి అన్నిటికీ ఒప్పుకున్నాడు. మొదటి రెండు నెలల ఫీజుకు నా మోపెడ్ అమ్మేశాం.

కమ్మీ బిగించేదాకా ఇంట్లోనే ఉన్నాను. వ్యాను వచ్చిన రోజు వీధంతా చేరింది. నలుగురు నన్ను స్ట్రెచర్ మీద మోసుకొచ్చి ఎక్కించారు. అక్క ఏడుస్తూ వెనకాలే వచ్చింది. తలుపు వేయబోతుంటే చూద్దును కదా, బిందెడు నీళ్ళు తెచ్చి గుమ్మం కడుగుతోంది! మా వాళ్ళలో శవం గడప దాటాక చేసే పని అది. ఎందరినో సాగనంపిన చేతులు, వాటంతట అవే చేసేశాయి.

"అక్కా! నేనింకా పోలేదే!" అని అరిచాను.

అక్క బిందె పట్టుకుని కొయ్యబారింది. "అయ్యయ్యో, యాదో గ్యానంలో..."

"కడిగింది కడిగినావు, ముగ్గు గూడా ఎయ్యి. పండగనుకుంటారు."

రేవతి పక్కున నవ్వి, వెంటనే ఏడ్చింది. వ్యాను కదిలాక నాకూ నవ్వు పోయింది. కానీ ఆ నీళ్ళు మందుకన్నా గట్టిగా పనిచేశాయి. థెరపీలో కాలు లేవనన్నప్పుడల్లా ఆ బిందె కళ్ళముందుకొచ్చేది. రోషంతో ఇంకోసారి లేపేవాణ్ణి.

రెండో నెలలో గొప్పకు పోయి వాకర్ వదిలి పడ్డాను. ఎక్స్‌రేలో ఎముక విరగలేదు గానీ భుజం వాచింది, థెరపీ కొన్నాళ్ళు ఆపారు. అక్క పరుగున వచ్చింది. "ఇంటికి రాప్పా. ఊరంతా బిడ్డనే తిడతాండారు."

రేవతి బ్యాగులోంచి కాగితం తీసింది. "రాజీనామా రాసినా నాయనా. రేపు ఇచ్చేస్తా."

ఇటివ్వమన్నాను. చింపడానికి ఒక చెయ్యి చాలలేదు. ఒక కొస పళ్ళతో పట్టి చింపాను. "ఊరు తిట్టేది నోటితోనే గదా. దానికి ఖర్చేముండాది? తిట్టుకోనీ. నువ్వు పొద్దున బస్సెక్కు."

ఇక మూడో నెల ఫీజుకు చేతిలో ఏమీ మిగల్లేదు. ఆ హోమ్‌లో నాకు ఒళ్ళు మండేది ఒకటే, లుంగీ కట్టడానికి అటెండర్ కోసం కాచుకోవడం. రేవతి ఒక లుంగీ నడుముకు షూలకు వేసే వెల్క్రో పట్టీ కుట్టి తెచ్చింది. ఒంటిచేత్తో టప్పున అంటించుకున్నాను. పక్క మంచం పెద్దాయన కళ్ళు పెద్దవి చేశాడు. "నాకొకటి తెప్పియ్యప్పా!" ఆయన్ను చూసి ఇంకొకరు, వాళ్ళను చూసి చూడవచ్చిన చుట్టాలు. ఇంట్లో అమ్మకుండా మిగిలిన లుంగీలకంతా రేవతి ఆదివారాలు పట్టీలు కుట్టి తెచ్చింది, నేను అమ్మాను. ఆ డబ్బూ, తన ఓవర్‌టైమూ కలిసి మూడో నెల గట్టెక్కింది. మేనేజరు కూడా వాళ్ళ నాన్నకని ఒకటి కొన్నాడు. నేను రూపాయి తగ్గించలేదు.

ఇప్పుడు గుడియాత్తంలోనే ఉన్నాను. కర్రతో నడుస్తాను. ఎడమచేతి రెండు వేళ్ళు ఇంకా మాట వినవు. బీపీ మాత్ర తప్పను, వేలూరు రివ్యూకు బస్సులోనే పోతాను. రేవతి లైన్ రేవతిదే. ఊళ్ళో మాత్రం "కూతురు హోమ్‌లో పడేసింది" అనేవాళ్ళు ఇంకా ఉన్నారు. "ఆ యమ్మి పడేయలా. నేనే బేరమాడి చేరినా," అని ప్రతిసారీ దిద్దుతాను.

మీకు చెప్పేది ఒక్కటే. హోమ్ చూడబోయేటప్పుడు జబ్బుపడిన మనిషిని వెంట తీసుకుపోండి. డబ్బు కట్టకముందే ఆ మంచం మీద కాసేపు పడుకోనివ్వండి, ఆ బాత్రూం దాకా పోనివ్వండి. మాట రాకపోతే కళ్ళతోనైనా చెబుతారు. వద్దంటే లేచి వచ్చేయండి. అక్కడ ఉండబోయేది మీరు కాదు.