చెవులు వెచ్చబడిన ఉదయం

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఎవరు ప్రయాణమైనా ముందు నన్ను ఎక్కడో ఒకచోట దాచేవారు. నా ముక్కు అలాంటిది. మార్కాపురం పలకల ఊరు. మాకు ఊరి బయట ఒక పలక గని, దాని పక్కనే రాయి కోసే షెడ్డు ఉండేవి. ఆ బూడిదరంగు దుమ్ము మా గడపల మీద, నీళ్ల కుండల మూతల మీద, తాతయ్య తెల్ల పంచె అంచుల మీద ఎప్పుడూ పేరుకుని ఉండేది. పొద్దున లేవగానే నాకు ముక్కు దురద, కళ్ల వెంట నీళ్లు, ఆపైన ఆగని తుమ్ములు. ఇప్పుడు దాన్ని అలర్జీ అంటున్నారు. అప్పుడు మా ఇంట్లో దానికి ఉన్న పేరు అపశకునం.

మా కుటుంబం ఎలాంటిదో ఇప్పటివాళ్లకు తెలియకపోవచ్చు. తెలియజెప్పాలన్న తాపత్రయం నాకు లేదు. ఒకరి జాలి పుచ్చుకోవడం మాకు ఏనాడూ అలవాటు లేదు. ఒక్క మాట మాత్రం చెబుతాను. మా తాతయ్య ప్రతి పలకనూ వేలి కణుపుతో తట్టి, దాని మోత విని, లోపల పగులున్నదాన్ని తీసి పారేయించేవాడు. ఆయన చేయి దాటిన పలక గురించి ఏ బడి నుంచీ ఫిర్యాదు రాలేదు.

అలాంటి ఇల్లు ఎందుకు పడిపోయిందని ఎవరైనా అడిగితే, మావాళ్లు నా వైపు చూసేవారు. ఏటా మా సరుకు కొనే ఒక పెద్ద వ్యాపారిని కలిసి మళ్లీ ఆర్డరు తెచ్చుకోవడానికి మా నాయన ఒక ఉదయం రైలుకు బయలుదేరాడు. ఆయన గడప దాటుతుండగా నేను తుమ్మాను. ఆయన వెనక్కి తిరిగి, చెప్పులు విడిచి, చాప మీద కూర్చుని, మంచినీళ్లు తాగి, కాసేపు ఆగి మళ్లీ లేచాడు. తుమ్ము వినబడితే అలా చేయాలన్నది మా ఇంటి ఆచారం. ఆయన స్టేషను చేరేసరికి రైలు వెళ్లిపోయింది. మర్నాడు వెళితే, మీరు రాలేదని ఇంకొకరికి ఇచ్చేశామన్నారట. ఆ తర్వాత షెడ్డులో మిషన్లు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. “వీడు తుమ్మితే కొండలే కరిగిపోతాయి, పలకలెంత” అని మా చిన్నాయన నవ్వుతూ అనేవాడు. కోపంతో అన్నదైతే మర్చిపోయేవాణ్నేమో. ఎనిమిదేళ్ల వయసులో, మా ఇంటిని కూల్చింది నేనేనని నేను పూర్తిగా నమ్మాను.

ఆ ఇంట్లో దాచిపెట్టే మనిషి ఇంకొకరు ఉండేవారు. ఆమె మా మేనత్త, నాయనకు అక్క. చిన్న వయసులోనే భర్త పోయి, కంభం నుంచి పుట్టింటికి తిరిగి వచ్చింది. ప్రయాణమయ్యేవాళ్లకు ఆమె ఎదురు రాకూడదు. అందుకని ఎవరు బయలుదేరినా మేమిద్దరం వెనకవైపు కొట్టుగదిలోకి పోయి కూర్చునేవాళ్లం. “మనిద్దరిదీ ఒకటే పార్టీ అబ్బయ్యా. నేను ఎదురొస్తే చెడుపు, నువ్వు తుమ్మితే చెడుపు. ఇద్దరం కలిసి పోయినామంటే ఢిల్లీలో గవర్నమెంటు పడిపోతాది” అనేది. ఆ చీకటి గదిలో ఆమె నవ్వడం నాకు గుర్తుంది. అయితే నవ్వినా గొంతు పైకి రానిచ్చేది కాదు.

గని దుమ్ము తాతయ్య ఊపిరితిత్తుల్లోకి కూడా చేరింది. దగ్గీ దగ్గీ ఆయన మనిషి సగమయ్యాడు. ఇక ఇక్కడ లాభం లేదని, కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మని డాక్టరు చెప్పాడు. పురోహితుణ్ని అడిగి వేళ పెట్టించారు. మా సొంత కారు అప్పటికే పోయింది కనుక బాడుగ కారు వచ్చి వాకిట్లో నిలబడింది. ఎప్పటిలాగే మేమిద్దరం వెనక గదికి చేరాం.

తాతయ్యను ఒక్కసారి చూడాలని నా ప్రాణం కొట్టుకుపోతోంది. చూడటానికి పోతే తుమ్ము వస్తుందేమోనని భయం. తుమ్మితే ఆయన్ను మళ్లీ కూర్చోబెడతారు. రైలు పోయినట్టు తాతయ్య కూడా పోతాడు. ఆ ఆలోచనతోనే ముక్కు దురద మొదలైంది. గోనెసంచుల దుమ్ముకు తోడు భయం. మొదటి తుమ్మును మోకాళ్లలో తల దూర్చి అణిచాను. రెండోది బయటికి వినిపించినట్టుంది. “వాని నోరు మూయండి ఎవరన్నా” అని చిన్నాయన ముందు నుంచి అరిచాడు.

“నోరు మూస్తే తుమ్ము ఆగుతాదా? ఇట్ల రా, చెవులు తే” అంది అత్త.

నన్ను తన ముందు కూర్చోబెట్టుకుంది. చెవి రంధ్రానికి ముందు చిన్న తలుపురెక్కలా ఉండే మెత్తటి భాగాన్ని రెండు వైపులా బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని మెల్లగా నొక్కి వదిలింది. తర్వాత చెవి పైభాగంలో ఉన్న చిన్న పల్లాన్ని, ఆపైన చెవి కొసను. నొప్పి లేదు. చెవి మెలిపెట్టినట్టు గట్టిగా కాకుండా, పండు మెత్తబడిందేమో చూస్తున్నట్టు నొక్కింది. మెల్లగా ఊపిరి తీసుకోమంది. మెట్టినింటిలో వాళ్ల అత్తగారు తనకు అలా చేసేదని చెప్పింది. కాసేపటికి చెవులు వెచ్చబడ్డాయి. ముక్కులో పాకుతున్న పురుగు నిలిచిపోయినట్టయింది. ఒక వైపు నుంచి గాలి కూడా ఆడింది.

అప్పుడు, నొక్కుతూనే, నా తల వెనక నుంచి అంది. “నువ్వు తుమ్మినందుకు రైలు పోలేదురా. మీ నాయన కూర్చున్నందుకు పోయింది.”

అది విని నేను ఏడ్చాను. తాతయ్య మళ్లీ వస్తాడా అని అడిగాను. “నీ ముక్కు సంగతయితే నాకు తెలుసు. ఆ సంగతి నాకు తెలీదు. పోయి చూసిరా” అంది. ఒక్కణ్నే పోవడానికి నేను కదల్లేదు. ఆమె ఒక క్షణం ఆగింది. తర్వాత నా రెండు చెవులూ వదలకుండానే నన్ను ముందు పెట్టుకుని, వంటింటి పక్క నుంచి వాకిట్లోకి నడిపించింది.

తాతయ్య ఎవరి చేతినీ పట్టుకోకుండా కారు దాకా వచ్చి ఉన్నాడు. మమ్మల్ని చూసి అందరూ కొయ్యబారిపోయారు. ఆయన మాత్రం నా చెవుల వైపు చూశాడు.

“ఏందమ్మా, వాడేం తప్పు చేసినాడని చెవులు పట్టుకోనొచ్చినావు?”

“ఏం చెయ్యలేదు నాయనా. అదే చెప్తాండా వానికి.”

ఆయన దగ్గుతూనే నవ్వాడు. నా తల మీద చెయ్యి పెట్టి, వంగి తనంతట తానే కారెక్కాడు. నాకు తుమ్ము రాలేదు.

వారం తిరగకముందే ఆయన్ను అదే వాకిట్లోకి తీసుకొచ్చి పడుకోబెట్టారు.

కర్మకాండల మధ్య ఒకరోజు, బంధువులందరూ ఉండగా, చిన్నాయన నన్ను చూసి అడిగాడు. “ఆ పొద్దు వీడు తుమ్మినాడు కదా?” అత్త తల ఎత్తకుండా, “వాకిట్లో తుమ్మలేదు. అందరూ చూసినారు. ఎదురొచ్చింది నేను” అంది. ఆ మాటతో నా మీద ఉన్న చూపులన్నీ లేచి ఆమె మీదికి పోయాయి. మళ్లీ నా వైపు రాలేదు. నన్ను వాకిట్లోకి నడిపించే ముందు ఆమె ఆగిన ఆ ఒక్క క్షణంలో దేన్ని తూచుకుందో నాకు అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది.

నెల తర్వాత ఆమెను వెలిగండ్ల దగ్గర ఒక దూరపు బంధువుల ఇంటికి పంపేశారు. వేళ చూడలేదు. నీళ్లబిందెతో ఎవరూ ఎదురు రాలేదు. ఆమె ట్రంకు పెట్టెతో గడప దాటుతుంటే నేను గట్టిగా తుమ్మాను. ముక్కు దురద పెట్టి కాదు, ఆమెను కూర్చోబెడతారని. ఎవరూ ఆగమనలేదు. ఆమె మాత్రం తిరిగి చూసి, తన చెవి ముందు వేలు పెట్టి, నొక్కుకో అన్నట్టు చూపించింది. తర్వాత నేను ఆమెను చూడలేదు.

ఈమధ్య మా కోడలు నన్ను ఆక్యుప్రెషర్ చేసే ఒక అమ్మాయి దగ్గరికి తీసుకెళ్లింది. గోడ మీద పెద్ద చెవి బొమ్మ, దాని నిండా చుక్కలు. ఆ అమ్మాయి నా చెవి పట్టుకుని, దీనివల్ల జబ్బు పోదు, కాస్త ఉపశమనం ఉంటుంది, డాక్టరిచ్చిన మాత్రలు మానకండి అని మర్యాదగా చెప్పింది. ఆమె వేలు పెట్టిన చోట్లు నాకు తెలిసినవే. కళ్లు మూసుకుని కూర్చున్నాను. తలుపు దగ్గర నిలబడ్డ కోడలు, నొప్పిగా ఉందా మామయ్యా అని అడిగింది. లేదన్నాను.

ఇప్పటికీ పొద్దున్నే మంచం మీద కూర్చుని, వెచ్చబడేదాకా చెవులు నొక్కుకుంటాను. కొన్నాళ్లు ముక్కు మాట వింటుంది, కొన్నాళ్లు వినదు. కానీ ఇంట్లో ఎవరైనా బయలుదేరుతున్నారంటే చెవుల మీది చేతులు తీసేసి, వీధి గుమ్మం దాకా వెళ్లి నిటారుగా నిలబడతాను. తుమ్ము వస్తే తుమ్ముతాను. నా పిల్లలు ఆగరు. ఆగకుండా పెంచాను వాళ్లను.