కెర్నల్‌లో చెయ్యి, జాడీలో చెయ్యి

ఇట్లా దగ్గరికి జరగండి. బండలు చల్లగా ఉన్నాయి, కాళ్లు చాపుకుని వినండి.

వేంపల్లెలో మా ఇంటి ముందు గదిలోనే కూర్చుని మా కోడలు బెంగళూరు కంపెనీకి కంప్యూటరు పని చేస్తుంది. ఒకనాడు సాయంత్రంలోపు తను రాసిన ప్రోగ్రామును నడిపి చూపించాలి. నడిస్తే ఉద్యోగం ఖాయం, లేకుంటే లేదు. పొద్దున్నుంచీ దాన్ని నడపగానే మిషను బిగుసుకుపోతోంది.

నాకు కాలు నిలవలేదు. మిద్దె మీద ఆరబోసిన మిరపకాయలు తిరగేశాను. తిరగేసినవే మళ్లీ తిరగేశాను. దిగివచ్చి తలుపు సందులోంచి చూశాను.

"ఏమాయ అమ్మీ?"

"మళ్లా బిగుసుకపోయ అత్తా. యాడన్నా కుదురుగా కూచోరాదా? నువ్వు తిరుగుతాంటే నాకు తల తిరుగుతాండాది."

"నేను కూచుంటే నీ మిషను లేస్తాదా?"

నవ్వింది గానీ కళ్లలో నీళ్లున్నాయి. అప్పుడు చెప్పింది. మిషను లోపల కెర్నల్ అని ఒకటి ఉందట. పెత్తనమంతా దానిదే. బయటి ప్రోగ్రాములు ఏం కావాలన్నా దాన్ని అడగాలి; దాని మెమరీలో నేరుగా చెయ్యి పెట్టకూడదు. అక్కడున్న ఒక లెక్క ఈమెకు కావాలి. తొందరలో కాపలా తీసేసి తన ప్రోగ్రామునే లోపలికి తోలింది. ఆ ప్రోగ్రాము లెక్కను తీయబోయి పక్కనున్నదాన్ని చెరిపింది, అందుకే మిషను బిగుసుకుపోతోందట.

మా ఇంట్లో ఊరగాయ జాడీని ముట్టేది నేనొక్కదాన్నే. ఎవరైనా సరే, గిన్నె పట్టుకుని వంటింటి గడప ఇవతల నిలబడాలి. కాపురానికి వచ్చిన కొత్తలో కోడలు తడిచెయ్యి పెట్టింది. జాడీ మొత్తం బూజు పట్టి దిబ్బలో పారబోశాను.

"ఆ పొద్దు నీ జాడీకి చేసిందే, ఈ పొద్దు దీనికి చేసినా అత్తా."

"అట్లయితే దీన్నీ దిబ్బలో పారబోస్తావా?"

"పారబోసేది నా ఉద్యోగాన్నే."

ఆమె మళ్లీ మొదటినుంచి రాయడానికి కూచుంది. ఈసారి కెర్నల్ పక్కనే, లోపలే, చిన్న ప్రోగ్రాము ముక్క ఒకటి రాసి పెట్టింది. బయటినుంచి అడిగితే అది లెక్కను తీసి, నకలు మాత్రం ఈమె గిన్నెలో వేస్తుంది. నేను వాకిట్లోకి పోవడం, రావడం. ఎండ గోడ దిగిపోతూ ఉంది. కరెంటు పోతుందేమోనని ఫ్యాను వంకే చూపు.

"అత్తా!"

పరుగెత్తాను. తెర మీద అంకెలు కదులుతున్నాయి. మిషను బిగుసుకోలేదు. పొద్దు గుంకకముందే కంపెనీవాళ్లు చూసి ఖాయం చేశారు.

అన్నం వేళకు కోడలు గిన్నె పట్టుకుని వంటింటి గడప ఇవతల నిలబడింది.

"ఈ పొద్దన్నా లోపలికి రావచ్చా?"

"రాగాకు. గిన్నె ఇట్లియ్యి."

జాడీ మూత తీసి ఊరగాయ వేశాను. రెండు ముక్కలు ఎక్కువే పడ్డాయి.

మీ ఇంటి జాడీకి ఏనాడూ బూజు పట్టకుండా, మీ గడపలో చాచిన గిన్నె ఖాళీగా తిరిగిపోకుండా, చల్లగా ఉండండి.