ట్యాంకు అడుగున మురీలు

మా సీనియర్ సర్వేయరు నడుము ఓడ ట్యాంకులోకి దిగే మ్యాన్‌హోలులో పట్టేది కాదు. పట్టి ఉంటే, ఆ రోజు ట్యాంకు అడుగున కూర్చుని మురీలు, అదే మరమరాలు, తినే పని నా దాకా వచ్చేది కాదు.

ఓడలను పరీక్షించి, ఇవి సముద్రానికి పనికొస్తాయి అని సర్టిఫికెట్టు ఇచ్చే చిన్న ఆఫీసు మాది. ఓడలు ఆగే ఖిదిర్‌పూర్ డాకు గేటుకు ఎదురుగా ఉంటుంది. మాది అంటే ఆయనది. నేను ఆయన చేతికింద చేరిన ట్రైనీని. ఆయన బెంగాలీ, అరవైకి దగ్గర పడ్డ మనిషి. డెక్కు మీద మడత కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. నేను లోపలికి పాకి వెళ్ళి, రేకు ఎక్కడ అరిగిందో, అతుకు ఎక్కడ చీలిందో కేకవేసి చెబితే ఆయన పైన రాసుకునేవాడు. "నువ్వు నా కళ్ళు" అనేవాడు. కళ్ళకు మోకాళ్ళు కొట్టుకుపోతాయని ఆయనకు తెలియదు.

మా ఇల్లు ఏక్‌బాల్‌పూర్‌లో. నాన్న, చిన్నాన్న శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి, డాకులో తుప్పు గీకే గుంపులో చేరారు. ఒకే ఇంట్లో తుప్పు గీకేవాళ్ళు ఇద్దరు, గీకింది చూసి సరేననేవాడు ఒకడు. బట్టలుతికే అమ్మకు మాత్రం ఈ హోదాల తేడా ఎప్పుడూ కనిపించలేదు.

చిన్నాన్నకు పై పళ్ళు లేవు. ఎప్పుడో క్రేను గొలుసు ఊగి వచ్చి మూతికి తగిలింది. ఒక చీనా పళ్ళ డాక్టరు దగ్గర సెట్టు కట్టించుకున్నాడు. చిన్నప్పుడు నేను ఏడిస్తే ఆ సెట్టును నాలుకతో ముందుకు తోసేవాడు. పళ్ళు బయటికొచ్చి నవ్వుతుంటే, మొహం మాత్రం పోలీసు స్టేషన్లో కూర్చున్నట్టు పెట్టేవాడు. నాకు హాస్యం వారసత్వంగా వచ్చిందంటే అది ఆ సెట్టు నుంచే.

ఒక ఏడాది వానలు తగ్గాక ఒక పాత సరుకు ఓడ మరమ్మతుకు వచ్చింది. ఓడ ఖాళీగా ఉన్నప్పుడు తూలిపోకుండా నీళ్ళు నింపడానికి అడుగున ట్యాంకులుంటాయి. అందులో ఒకటి చాలా నెలలుగా మూసి ఉంది. మూసిన ట్యాంకులో ఇనుము తుప్పు పడుతూ గాలిలోని ఆక్సిజన్ను తినేస్తుంది. వాసన రాదు, దగ్గు రాదు. మనిషి నిచ్చెన దిగుతూ దిగుతూ నిద్రపోయినట్టు పడిపోతాడు. ఆ ఓడ మేస్త్రీ మూత తీయించి, గాలి చూడకుండానే దిగమన్నాడు.

ముందు చిన్నాన్న దిగాడు. ఆయన మాట ఆగిపోయింది. ఆయన కోసం మా పక్క వీధి మనిషి దిగాడు. అతని మాటా ఆగిపోయింది. మూడోవాడు మా నాన్న. ఆయన కాలు లోపల పెట్టేసరికి గుంపులో ముగ్గురు లాగి, డెక్కు మీద పడేసి, పైన కూర్చున్నారు. మా నాన్న ప్రాణాన్ని కాపాడిన పరికరం అదే, ముగ్గురు మనుషుల బరువు.

చిన్నాన్నను ఇంటికి తెచ్చేసరికి నోట్లో సెట్టు లేదు. బుగ్గలు లోపలికి పోయి ఎవరో ముసలాయనలా ఉన్నాడు. పిన్ని ఏడుపు మధ్యలో ఆగి, "ఈ మనిసి పళ్ళేవి?" అని అడిగింది.

యూనియన్ నాయకుడు డాకు గేటు దగ్గర గంటసేపు ప్రసంగించాడు. ముప్పావుగంట అమెరికా గురించి, మిగిలింది ట్యాంకు గురించి. తరవాత జెండాలు చుట్టేశారు.

ఓడ మాత్రం అక్కడే ఉంది. ట్యాంకు రేకు మందం కొలవాలి. కొలవాలంటే తుప్పు గీకాలి. గీకాలంటే అదే గుంపు మళ్ళీ అదే ట్యాంకులోకి దిగాలి. ఈసారి పని మా ఆఫీసుకు వచ్చింది. రెండు రోజులు బ్లోయరు పెట్టి గాలి కొట్టించాం. లోపల గాలి బాగుందని సర్టిఫికెట్టు ఇస్తానని మా సీనియరు కుర్చీలోంచే ప్రకటించాడు. గుంపు కదల్లేదు. అప్పుడు నాన్న మాట్లాడాడు. చిన్నాన్న పోయాక ఆయన బయట నోరు విప్పింది అదే మొదలు.

"కాయితం మీద సంతకం ఎట్టినోడు ముందు దిగాల. అడుగున కూకోని మా మురీలు తినాల. తిన్నంతసేపూ మాటాడతా ఉండాల. అప్పుడు దిగుతాం."

గుంపంతా సరేనంది. నాన్న మనసులో ఉన్నది మా సీనియరు. అందరి మనసుల్లోనూ ఆయనే. షరతును ఎవరో హిందీలో చెబితే ఆయన మ్యాన్‌హోలును చూశాడు, పొట్టను చూసుకున్నాడు, తరవాత నన్ను చూశాడు.

"ఖోకా," అన్నాడు. అబ్బాయీ అని అర్థం. ప్రేమగా పిలిచాడంటే కష్టమైన పని ఉందన్నమాట. "గాలి కొలిచే మీటరు పట్టుకునేది నువ్వే కదా."

"ఈడెందుకు? ఈడు సంతకం ఎట్టడు కదా" అన్నాడు నాన్న.

గుంపు సర్దారు మా అమ్మకు వరసకు అన్న. "గాలి కొలిసేది ఆడే కదేటి, బావా" అన్నాడు మెల్లగా. "షరతు నువ్వే ఎట్టినావు."

"అయితే ముందు నానే దిగుతాను."

"నువ్వెప్పుడు సంతకం నేర్సుకున్నావు, నాన్నా?" అన్నాను. నవ్విద్దామని అన్నాను. ఎవరూ నవ్వలేదు.

పదిమందిలో అన్న మాట వెనక్కి తీసుకోవడం మా నాన్నకు చేతకాదు. నా నడుముకు తాడు ఆయనే కట్టాడు. ముడి మీద ముడి వేస్తూనే ఉన్నాడు.

"ఇంకో ముడి ఏస్తే నానూ కన్నంలో పట్టను."

"వాగకు" అన్నాడు. వెంటనే తాడు వదిలి, "కాదు. వాగు. ఆపకుండా వాగు" అన్నాడు.

ముందు మీటరును తాడుకు కట్టి అడుగుదాకా దింపి చూశాం. ఆక్సిజన్ అంకె బయటి గాలిలో లాగే నూటికి ఇరవై ఒకటికి దగ్గరగా ఉంది. దాన్నే మెడలో వేసుకుని, టార్చి పట్టుకుని, మురీల డబ్బా చంకన పెట్టుకుని దిగాను. లోపల చల్లగా ఉంది. నాలుక మీద ఇనుము రుచి. నిచ్చెన అడుగున చీలమండ లోతు తుప్పు బురద. ఒక దూలం మీద కూర్చుని మూత తీశాను.

"మావా, భవానీపూర్లో ఇంత గది దొరకదు. కిటికీ ఒక్కటే తక్కువ."

"అద్దెకి నువ్వే ఉండు" అన్నాడు సర్దారు పైనుంచి. ఎవరో నవ్వారు. తాడు కాస్త వదులైంది.

"మురీల్లో ఉప్పు తక్కువ."

"మిరపకాయ కొరుక్కో."

"ఆవనూనె ఎవడు పోసినాడు? ఈ నూనెతో ఓడ తుప్పు వదిలిపోద్ది, మీరు దిగక్కర్లేదు."

అలా వాగుతూ టార్చి అటూ ఇటూ తిప్పాను. నిచ్చెన మొదట్లో బురదలో ఏదో తెల్లగా కనిపించింది. వంగి చూశాను. పళ్ళ సెట్టు. వెల్లకిలా పడి, నా చిన్నప్పుడు నవ్వినట్టే నవ్వుతోంది. వెనక ఆ గంభీరమైన మొహం ఒక్కటే లేదు.

నోటినిండా మురీలున్నాయి. మింగలేకపోయాను, ఉమ్మలేకపోయాను.

"ఒరే" అన్నాడు నాన్న పైనుంచి.

తాడు ఒకసారి కదిలింది. "ఒరే, మాటాడు."

వినిపిస్తూనే ఉంది. నాలుక కదలలేదు. మ్యాన్‌హోలులోంచి పడే వెలుతురు ఒక్కసారి ఆరిపోయింది. తలెత్తేసరికి నాన్న దిగుతున్నాడు. తాడు లేదు, టార్చి లేదు. రెండేసి మెట్లు వదిలేసి, జారుతూ, పడుతూ వచ్చి నా భుజాలు పట్టుకున్నాడు. ఒంటి మీద బనియను, చారల చెడ్డీ. ఈసారి కూడా ఆయనను పట్టుకున్నారట. లుంగీ వాళ్ళ చేతుల్లో ఉండిపోయింది.

"ఊపిరాడతందా?"

తలూపాను. చెంప మీద ఒకటి కొట్టాడు. మురీలు బురదలో పడ్డాయి.

"మరి సచ్చినోడిలాగ ఊరుకున్నావేటి?"

టార్చి అటు తిప్పాను. నాన్న వంగి సెట్టును తీశాడు. తుడవడానికి లుంగీ లేదు కనుక నా చొక్కాకు తుడిచాడు.

"మీ పిన్ని అడిగినాది" అన్నాడు.

తరవాత నా పక్కన, తమ్ముడు పడిపోయిన చోట కూర్చున్నాడు. డబ్బాలోంచి గుప్పెడు మురీలు తీసుకుని నోట్లో పోసుకున్నాడు. నమిలాడు. మొహం తడిసిపోయి ఉంది.

"ఉప్పు సరిపోయినాది" అన్నాడు.

పైనుంచి సీనియరు గొంతు వినిపించింది. "ఖోకా, మీటరు ఎంత?"

"ఇరవై పాయింట్ తొమ్మిది, దాదా."

"ఇద్దరూ బతికే ఉన్నారా?"

"ప్రస్తుతానికి."

"అయితే సంతకం పెడుతున్నా."

ఎవరో లుంగీ కిందికి విసిరారు. దాని వెనకే గుంపు ఒక్కొక్కరే దిగారు. సుత్తులు తీశారు. ట్యాంకులో సుత్తి దెబ్బలు మొదలైతే మనిషి మాట మనిషికి వినబడదు. ఆ రోజు అది నయమనిపించింది.

పిన్ని ఆ సెట్టును కడిగి, చిన్నాన్న రాత్రిళ్ళు తీసి పెట్టుకునేటట్టే స్టీలు గ్లాసులో నీళ్ళు పోసి అందులో వేసింది. గ్లాసు ఇప్పటికీ అలమరలోనే ఉంది. రెండు రోజులకోసారి నీళ్ళు మారుస్తుంది. చుట్టాలు మంచినీళ్ళు అడిగితే మేమంతా ముందు ఆ గ్లాసు ఎక్కడుందో చూసుకుంటాం.

ఇప్పుడు కొత్త గుంపులకు జాగ్రత్తలు చెప్పే పని నాది. లోపలివాడి మాట ఆగిపోతే మీరు దిగొద్దు, అరవండి, గాలి సిలిండర్లున్నవాళ్ళను పిలవండి, దిగితే ఒక శవం రెండవుతుంది అని డెక్కు మీద నిలబెట్టి చెబుతాను. అందరూ తలలూపుతారు. మొన్నొకరోజు వెనక వరసలో నాన్న కూడా నిలబడి తలూపాడు. ఇంటికి నడుస్తూ అడిగాను.

"ఇన్నావా?"

"ఇన్నాను. బాగా సెప్పినావు."

"మళ్ళీ నాను లోపలుండగా మాట ఆగిపోతే?"

బస్సు ఒకటి మమ్మల్ని రాసుకుంటూ పోయింది. అది పోయేదాకా ఆగి, నాన్న నా చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించాడు.

"నువ్వు వాగుతా ఉండు" అన్నాడు.