ఉప్పు చాలని రొట్టె

ఎండుద్రాక్ష నీళ్లలో మరుగుతుంటే వచ్చే వాసన కమ్మగా ఉంటుందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. కాస్త పులుపు, కాస్త మాడిన బెల్లం, కాస్త తడిసిన గోనెసంచి కలిపితే వచ్చే వాసన అది. మొన్న మా కోడలు పిల్లవాడికి కడుపు కదలడం లేదని గుప్పెడు ఎండుద్రాక్ష పొయ్యి మీద పెట్టింది. వంటింటి గుమ్మంలో చేట ముందేసుకుని బియ్యం ఏరుతున్న నేను చెయ్యి ఆపేశాను. ముప్పై నాలుగేళ్లు ఆసుపత్రుల్లో నర్సుగా పనిచేసి అన్ని రకాల వాసనలకూ మొద్దుబారిన ముక్కు నాది. ఆ ఒక్క వాసనకు మాత్రం ఇప్పటికీ లొంగుతుంది. అది మా శాంతమ్మ మామ్మ వాసన, ఈస్టరు ముందు శనివారం వాసన.

రాజాం నుంచి బొబ్బిలి వచ్చే దారిలో రోడ్డు దిగి మైలున్నర నడిస్తే ఒక ఊరు, ఆ ఊరి చివర ముప్పై ఇళ్ల క్రైస్తవుల పేట, పేట మధ్యలో సున్నం కొట్టిన చిన్న గుడి, ఆ గుడి వరండాలోనే మా నాన్న పంతులుగా ఉన్న బడి. అరవైల చివర, నాకు ఎనిమిది తొమ్మిదేళ్లప్పుడు, నా లోకం అంతే. శ్రమల వారం వచ్చేసరికి గాలిలో జీడిమామిడి పళ్ల ఘాటు, గట్ల మీద తాటిముంజెలు కొట్టే చప్పుడు, కాళ్లు కాలే ఇసుక. మట్టల ఆదివారం నాడు మగపిల్లలు కోసుకొచ్చిన ఈతమట్టలు పట్టుకుని పాడుకుంటూ పేట చుట్టూ తిరిగేవాళ్లం. పాట అయ్యేదాకా భక్తిగానే ఉండి, అవగానే అవే మట్టలతో ఒకరినొకరు పొడుచుకుని, ముళ్లు గుచ్చుకున్న చేతులతో ఇంటికి వెళ్లి తన్నులు తినేవాళ్లం. మంచి శుక్రవారం మధ్యాహ్నం మూడింటి దాకా ఏ ఇంట్లోనూ పొయ్యి వెలిగేది కాదు. ఆ తరవాత చోడి అంబలి, అంటే రాగి అంబలి, పచ్చిమిరపకాయ. శనివారం సమాధుల పని. డబ్బాలో సున్నపురాయి బుసకొడుతూ ఉడికిపోతుంటే దూరంగా నిలబడి చూడడం, పీచు కుంచెతో తాత సమాధికి వెల్ల వెయ్యడం, గన్నేరు పూలు పేర్చడం. మామ్మ తాత సమాధితో ఆగకుండా దాని పక్కనున్న మూరెడు ఖాళీలో గడ్డి కూడా పీకేసేది. "ఇది నా జాగా. ఇందల ఎవుల్నీ పెట్టనీకండి," అనేది, బస్సులో సీటుకి తువ్వాలు వేసినంత మామూలుగా.

యేసు చివరి విందు గుర్తుగా బాప్తిస్మం అయినవాళ్లు గుడిలో పంచుకునే ప్రభువు బల్లకి రొట్టె, ద్రాక్షరసం చేసే పని మామ్మది. పేటలో అందరి ఇళ్లలోనూ చోళ్లు, గంట్లు అనే సజ్జలు, ఉన్ననాడు వరి. గోధుమపిండి అన్నది నెల మొదటి ఆదివారమూ ఈస్టరునాడూ ఇచ్చే బల్ల కోసం మా ఇంట్లో మాత్రమే కనపడేది. రాజాం సంతలో నాన్న పొట్లం కట్టించి తెచ్చిన ఎండుద్రాక్షని మామ్మ శుక్రవారం రాత్రి నానబెట్టి, శనివారం మరిగించి, పాత పలచటి గుడ్డలో పిండేది. పులవని పిండిలో చిటికెడు ఉప్పేసి, మట్టిపెంకు మీద రొట్టెలు కాల్చేది. మొదటి రొట్టె అంచు తుంచి నోట్లో వేసుకుని, కళ్లు మూసుకుని, ఉప్పు సరిపోయిందో లేదో తేల్చి, అప్పుడు మిగతావి కాల్చేది. ఆ అంచులో నాకూ ఒక చిటికెడు దక్కేది.

కోళ్ల సంగతి కూడా చెప్పాలి. కోతల పండక్కి ప్రతి ఇల్లూ గుడికి ఏదో ఒకటి తెచ్చి ఇవ్వాలి. అందుకని ప్రతివాళ్లూ ఒక కోడిపిల్లని ఎంచుకుని, కాలికి తెల్ల గుడ్డపీలిక కట్టి, యేసయ్య పేరు మీద వదిలేవాళ్లు. ఆ పెట్టను తరమకూడదు, దాని గుడ్డు ముట్టకూడదు. కర్రతో అదిలిస్తే "ఒసే, యేసయ్య పెట్టే అది!" అని అరుపు వినపడేది. ఆ ఏడాది మాది గోధుమరంగు పెట్ట, మహా పొగరుబోతు.

ఒక ఈస్టరు వెళ్లిన రెండు వారాలకి నాకు అమ్మవారు పోసింది. ఆటలమ్మే, మశూచి కాదు. కానీ మూడు రోజులు కళ్లు తెరవలేదట. నాన్న ప్రార్థన పెట్టించాడు, పెద్దలు వచ్చి మోకరించి వెళ్లారు. నాలుగో రోజు పొద్దున్న, మామ్మ ఊడుపులకీ కోతలకీ వెళ్లే కాపులింటి ముసలమ్మ ఏం చెప్పిందో గాని, మామ్మ చెరువులో మునిగి, తడిబట్టతో ఊరవతల వేపచెట్టు కింది అమ్మోరి రాయి దగ్గరకు వెళ్లి, పసుపునీళ్లు పోసి మొక్కుకుంది. తిరిగొచ్చేటప్పుడు నుదుటి బొట్టు తుడుచుకోవడం మరిచిపోయింది. పొరుగింటి మరియమ్మ నోట్లో నువ్వుగింజ నానదు. సాయంత్రానికి పేటంతా తెలిసిపోయింది. నాకు జ్వరం తగ్గింది. వైద్యం కొంత తెలిసినదాన్ని కనక చెబుతున్నాను, ఆ జ్వరం ఆ రోజుకి తగ్గేదే. ఈ మాట మామ్మతో అని ఉంటే నాకు అన్నం పెట్టేది కాదు. నేను లేచి తిరిగేసరికి గోధుమరంగు పెట్ట కనపడలేదు. పిల్లి పట్టుకుపోయిందని మామ్మ చెప్పింది, మేం నమ్మాం.

మామ్మకి బల్ల ఆపేశారు. ఆపించినవాడు సంఘపెద్ద యోహాను, తాతకి వరసకు తమ్ముడు. చెడ్డవాడు కాదు, కొలబద్దలాంటి మనిషి. విగ్రహం దగ్గర మొక్కడం తప్పని సంఘం ముందు నోటితో ఒప్పుకునేదాకా బల్ల లేదు. ఒప్పుకోకుండా చనిపోతే, కట్టుబాటు ప్రకారం సమాధుల కంచె అవతలే పాతిపెడతారు. తాత పక్కన మూరెడు జాగా ఇక ఆమెది కాదు. అందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని మామ్మను తిట్టుకుంటూనే నాన్న ఆమెను నాలుగైదుసార్లు బతిమాలాడు. ఆమె వినలేదు.

చిత్రమేమిటంటే, రొట్టెలు చేసే పని మాత్రం ఎవరూ మాన్పించలేదు. ఇంకెవరికీ చెయ్యడం రాదు. తను తినకూడని రొట్టెని మామ్మ నెలనెలా చేసి పంపేది. మొదటి రొట్టె అంచు తుంచడం మానేసింది. వేళ్లకంటిన పిండి కూడా నీళ్లలో కడిగేసేది. నాకూ చిటికెడు దొరకడం ఆగిపోయింది. గుడిలో బల్ల తీసుకునేవాళ్లు ముందు చాపల మీద, బాప్తిస్మం కాని పిల్లలం వెనక గోడవార కూర్చునేవాళ్లం. మామ్మ మాతో వచ్చి కూర్చుంది. నిజం చెప్పాలంటే నాకది బాగానే ఉండేది, తల పెట్టుకోవడానికి ఒడి దొరికింది. ఒకరోజు నూతి దగ్గర మరియమ్మ, "నీ కోసమే గదే, మీ మామ్మకి బల్ల ఆగిపోనాది," అంది. ఆ తరవాత ఆ ఒడిలో తల పెట్టడానికి నాకు సిగ్గేసింది. చచ్చిపోయి ఉంటే బాగుండేదేమోనని కూడా ఒకటి రెండుసార్లు అనుకున్నాను. తొమ్మిదేళ్ల పిల్ల ఆ మాట అనుకోగలదని ఇప్పుడు ఎవరికైనా చెబితే నమ్మరు.

ఏడాది తిరిగింది. మంచి శుక్రవారం ఆరాధన అయ్యాక, బల్ల ఆగినవాళ్లను పిలిచి అడగడం రివాజు. ఆ ఏడాది మామ్మ ఒక్కతే. యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల ప్రసంగం విని, పస్తుతో, ఉక్కతో అందరూ నీరసించి ఉన్నారు. మామ్మ లేచి ముందుకు వెళ్లింది. గోదావరి జిల్లా నుంచి వచ్చిన ముసలి పాస్టరుగారు, "ఒప్పుకుంటావా శాంతమ్మా?" అన్నారు.

"అమ్మోరి కాడికెల్లినాను అయ్యగోరూ. దాసుకోనేదు. అది తప్పని ఎలగ సెప్పీది? ఆ గుంట అదిగో, అక్కడ కూకున్నాది. దాని మొగం సూసి, నీకోసం తిరగడం తప్పైపోనాదే అని సెప్పమంటారేటి?" అంది. అందరూ నా వైపు తిరిగారు. నేను చాప పుల్లలు పీకుతూ కూర్చున్నాను.

"కానొకటుంది, మీకెవులికీ తెల్దు," అంటూ మామ్మ కొంగు ముడి విప్పి, నలిగి నల్లబడ్డ తెల్ల గుడ్డపీలిక తీసి పాస్టరుగారి ముందు పెట్టింది. "ఆ రోజు ఇంట్ల ఇంకో కోడి నేదు. యేసయ్య పెట్ట కాలికి గుడ్డ ఇప్పీసి, ఆయన సొమ్ము అట్టుకెల్లి ఆవిడికిచ్చీసినాను. పిల్లి అట్టుకుపోనాదని కొడుకుతోటి అబద్దమాడినాను. ఈ రెండూ తప్పులే. ఈటికి ఆయన కాళ్లట్టుకుంటాను."

యోహాను పెద్ద, "మేమడిగింది అది కాదొదినా," అన్నాడు. అడిగింది అది కాదన్న మాట నిజమే. పాస్టరుగారు ఆ పీలికని చేతిలోకి తీసుకున్నారు. "మనం అడిగిన తప్పు ఒప్పుకున్నవాళ్లను చాలామందిని చూశాను యోహానూ," అన్నారు. "మనకి తెలియని తప్పు తెచ్చి ముందు పెట్టినవాళ్లను చూళ్లేదు. ఇంక కృప అన్న మాట నేను దేనికి దాచుకోను? ఆదివారం బల్లకి రా శాంతమ్మా." యోహాను పెద్ద తలూపలేదు, అడ్డూ చెప్పలేదు. పీలిక మామ్మకి తిరిగి ఇచ్చేశారు. ఇంటికి రాగానే దాన్ని ఉతికి ఒక నల్ల కోడిపిల్ల కాలికి కట్టింది.

ఈస్టరు తెల్లవారుజామున సమాధుల దగ్గర కొవ్వొత్తులు వెలిగించి, పాడి, పొద్దు పొడిచాక గుడికి వచ్చాం. మామ్మ ముందు చాప మీద కూర్చుంది. గోడవార నా పక్క ఖాళీ. రొట్టె ఆమె దాకా వెళ్లింది. ముక్క నోట్లో వేసుకుని కళ్లు మూసుకుంది, అలవాటు ప్రకారం. ఆమె ఏడుస్తుందని నేను ఎదురుచూశాను. ఏడవలేదు, నుదురు ముడిచింది. బయటికి రాగానే నా చెయ్యి పట్టుకుని, "ఉప్పు సాల్లేదే," అంది. "ఏడాది పొడుగునా ఇలగే సేసినానేటి? ఒక్కరూ సెప్పనేదు."

ఆ మధ్యాహ్నం కోడికూరా గారెలూ తిని అరుగు మీద నడుం వాల్చిన నాన్నని అడిగాను. "తెల్సు," అన్నాడు. "అందరికీ తెల్సు. యోహాను సిన్నాన్నే మమ్మల్ని అననివ్వనేదు. సెప్తే, రుసి సూసి సరిసెయ్యమనాల కదే. ఆవిడి ఎలగ సూస్తాది?" అని అటు తిరిగి పడుకున్నాడు. కృప గురించి ఎన్నో ప్రసంగాలు విన్నాను, కొన్ని నిద్రపోతూ విన్నాను. నాకు అర్థమైంది అరుగు మీద చెప్పిన ఆ నాలుగు ముక్కలే.

మామ్మ ఇంకో పదకొండేళ్లు బతికింది. ఆమెకి తాత పక్కన జాగా దక్కింది. ఇప్పుడు మా గుడిలో రొట్టె పొట్లాల్లో వస్తుంది, నాణెమంత పలచటి బిళ్లలు. ద్రాక్షరసం సీసాలో వస్తుంది, అప్పట్లో అందరూ తాగిన ఇత్తడి గ్లాసు బదులు అంగుష్ఠమంత ప్లాస్టిక్ గిన్నెల్లో పోసి ఇస్తారు. ఎవరికీ బల్ల ఆపరు, ఎవరినీ ఏమీ అడగరు. శుభ్రంగానే ఉంది, నర్సుగా నాకు అభ్యంతరమేమీ లేదు. ఈ ఆదివారం కూడా వెళ్లి ఆ బిళ్ల నోట్లో వేసుకుంటాను. దానికి ఉప్పూ ఉండదు, ఉప్పు చాలలేదని తెలిసీ నోరు మూసుకుని తినే యోహాను తాతా ఉండడు.