అక్క చదవని పేరా

పొద్దున్నే మొహం కడుక్కున్నాక అద్దం ముందు నిలబడి నోరు తెరిచి, మూడు వేళ్లు నిలువుగా పళ్ల మధ్య పెట్టి చూసుకోవడం ఆమెకు అలవాటు. రెండే పడతాయి. మూడోది పెట్టబోతే చెవి ముందు దవడ కీలు టక్కుమంటుంది.

ప్రెస్సులో అందరూ ఆమెను రేడియో అనేవారు. రాతప్రతిని ఆమె పైకి చదివేది, ఎదురుగా కూర్చుని అక్క ప్రూఫు దిద్దేది. కామా, ఫుల్‌స్టాప్, కొత్త పేరా అంటూ పద్దెనిమిదేళ్లు పొల్లుపోకుండా చదివింది. "మా రేడియోకి కరెంటు పోదు" అని అక్క గొప్పగా చెప్పుకునేది.

కింది దవడ ముందుకొచ్చి పళ్లు కలిసేవి కావు. నమలడం కష్టమై చివరికి ఆపరేషన్‌కు ఒప్పుకుంది. ఆ రోజు కమ్మలూ కళ్లద్దాలూ తీయించాక సంతకానికి కాగితం తెచ్చారు. అద్దాలు లేకపోతే ఆమెకు అక్షరాలన్నీ చీమల బారే. అందుకని అక్క చదివి వినిపించింది. అక్క చదవడం, తను వినడం అదే మొదటిసారి. దవడ ఎముకను కోసి వెనక్కి జరిపి, ప్లేట్లు పెట్టి స్క్రూలు బిగిస్తారని విని సంతకం పెట్టింది.

రెండు వారాలకే మాట్లాడింది. ఆరు నెలలకు కీలు నొప్పి పట్టుకుంది, నోరు తెరుచుకోవడం తగ్గింది. మళ్లీ చూపించుకుందామని ఫైలు తీస్తే ఆ కాగితం కనబడింది. అలవాటుగా పైకి చదివింది. మధ్యలో తను వినని పేరా ఒకటి ఉంది. దవడను తీగలతో కట్టి ఆరు వారాలు నోరు మూసి ఉంచే పద్ధతి కూడా ఉందట. అందులో ఎముక కాస్త సర్దుకునే వీలుంటుంది. స్క్రూలు బిగిస్తే ఇక కదలదు. ఆ సమయానికి కీలు సరిగ్గా కూర్చోకపోతే వంకర అలాగే ఉండిపోయి కీలు అరగవచ్చు. ఏది కావాలో రోగే చెప్పాలి.

కాగితం తీసుకెళ్లి అక్క ముందు పెట్టింది. అక్క ఎర్ర కలం మూత తీస్తూ పెడుతూ కూర్చుంది. పాఠ్యపుస్తకాల పని నెత్తిమీద ఉందని, ఆరు వారాలు వేరే మనిషిని కూర్చోబెడితే ఆ కుర్చీ ఇక చెల్లెలికి దక్కదని భయపడ్డానని గొణిగింది.

"తీగలు కట్టినా ఇలాగే అయ్యేదేమోనే. ఏదీ గ్యారంటీ కాదని నాతో అన్నాడు డాక్టరు."

"అయ్యేదేమో. కానీ నేను ఎంచుకుని ఉండేదాన్ని. నీకు ఇన్నేళ్లూ కామా కూడా వదలకుండా చదివానక్కా. నువ్వు నాకు చదవాల్సొచ్చింది ఒక్క కాగితం."

ఇప్పుడామె వేరే ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతోంది. రాతప్రతినీ ప్రూఫునూ పక్కపక్కన పెట్టుకుని, ఒక్కతే, పైకి చదవకుండా.